దీపం కింద ఆరుపలకల కడ్డీ

విశ్వకర్మ పూజ మర్నాడు, గురువారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. గోడ గడియారం నా కళ్ళెదురుగానే ఉంది, కాబట్టి టైము తప్పు కాదు. రాంచీ అవతల ఇనుము ఫ్యాక్టరీల ఊళ్ళో, బర్మామైన్స్‌లో మా ఇంటి ముందు గదిలో నేను అన్నం తిని చాప మీద నడుం వాల్చాను. మా ఆవిడ తన మంచం మీద కూర్చుని ఒత్తులు చేస్తోంది. మంచానికి మూరెడు దూరంలో పూజ పెట్టిన బల్ల, బల్ల మీద దీపం. అరుగు మీద ఫోను చూసుకుంటున్న మనవరాలు లేచి గుమ్మం దగ్గరికి వచ్చింది. వచ్చి అక్కడే ఆగిపోయింది. గడప లోపలికి అడుగు పెట్టలేదు.

"తాతా, ఉఠో. ధీరే సే ఉఠో," అంది.

మెల్లిగా లెమ్మంటోంది. కాలేజీలో చదివే పిల్ల. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పడం దానికి చిన్నప్పటి నుంచి అలవాటు. నాకు ఆశ్చర్యమైంది దాని గొంతు. అలాంటి గొంతు నేను ఫ్యాక్టరీలో విన్నాను, కొలిమి దగ్గర ఏదైనా తప్పుగా జరగబోతున్నప్పుడు ఎవరూ గట్టిగా అరవరు, ఇలాగే నెమ్మదిగా మాట్లాడతారు.

"ఏటే, ఏటయింది?" అన్నాను.

"దీయే కే నీచే జో హై నా తాతా... వో బమ్ హై."

దీపం కింద ఉన్నది బాంబు.

ఆ కడ్డీ మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు టోపీల సంగతి చెప్పాలి.

నేను ముప్పై ఏళ్ళ పైన పోత ఇనుము పనిలో ఉన్నాను. అన్నేళ్ళూ తల మీద పసుపుపచ్చ హెల్మెట్టు ఉండేది. ఒకసారి పైనుంచి ఒక బోల్టు పడి ఆ హెల్మెట్టు రెండు చెక్కలైంది, నా తల మిగిలింది. ఏ రకం టోపీ కనపడినా చేతిలోకి తీసుకుని చూడటం అప్పట్నుంచే అలవాటైంది. ఊరవతల ఇనుము కరిగించే చిన్న ఫర్నేసులు ఉన్నాయి. వాటికి ఓడల మీద విదేశాల తుక్కు వస్తుంది. కరిగించకుండా పక్కకి తీసేసిన సామాన్లు కొన్ని మా సందు చివర పాత సామాన్లు కొనే కబాడీ కొట్టుకి చేరతాయి. అక్కడ మొదటిసారి చూశాను ఆ ఇనప టోపీని. ముందూ వెనకా అంచు వెడల్పు, మూడు రేకులు అతికించి చేసినది, నడినెత్తి చుట్టూ గాలికి చిల్లులు, ముదురు నీలం రంగు. లోపల తోలు పట్టీ ఎండి చిట్లిపోయి ఉంది. నుదుటి మీద రెండు రెక్కలు, రెక్కల మధ్య కొన్ని ఇంగ్లీషు అక్షరాలు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. తెలుగు మా ఆవిడ నేర్పింది, ఆమె అయిదో క్లాసు చదివింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నేను ఆ రెక్కల మధ్యే కూడబలుక్కున్నాను. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మనవరాలిని అడిగేవాడిని. అది ఇంగ్లీషు కాదని, జర్మనీ మాట అని, పెద్ద యుద్ధంలో విమానాల దాడి నుంచి ఊళ్ళని కాపాడుకునే దళం పేరని అదే ఫోనులో వెతికి చెప్పింది. ఇవి సిపాయిల టోపీలు కావు. పచారీ కొట్టువాళ్ళు, ముసలివాళ్ళు, ఇంటి ఆడవాళ్ళు పెట్టుకుని, రాత్రుళ్ళు మేడల మీద కాపలా ఉండేవారట. ఆకాశం నుంచి నిప్పు పడితే ఇసక పోసి ఆర్పడం వాళ్ళ పని.

ఆ మాట విన్నాక నేను ఇంక ఆగలేదు. ఏడు జమచేశాను. ఒక్కోదాన్ని కిరసనాయిలుతో తుడిచి, తుప్పు వదిలించి, ముందు గదిలో అరమీద వరసగా పెట్టాను.

మా ఆవిడకి అవంటే పడదు.

"ఎవుడి సచ్చిన నెత్తి మీదియో తెచ్చి నా మంచమెదురుగా ఎట్టేవు. పొద్దున్న లేత్తే మొదట అయ్యే అవుపడతన్నాయి," అనేది.

"సచ్చినోళ్ళవని నీకెవుడు సెప్పేడు? బతికినోళ్ళవి కూడా ఉంటాయి."

"బతికుంటే టోపీ పారేత్తారేటి మావా?"

నేను గుడ్డ తీసుకుని టోపీ తుడవడంలో పడ్డాను.

రెక్కల కింద చిన్న స్వస్తిక్ గుర్తు ఉండేది. మొదట్లో ఆమె దానికి పసుపూ కుంకుమా పెట్టింది, మనదే కదా అని. ఆ గుర్తు పెట్టుకున్న సర్కారు ఎంతమందిని ఏం చేసిందో మనవరాలు చెప్పాక తడిగుడ్డతో తుడిచేసింది. "మన గుర్తెత్తుకెల్లి ఇలాటి పనులా సేసేరు, ఆళ్ళ మొకం మండ," అంది. అప్పట్నుంచి ఆ టోపీల ముఖం గోడవైపే ఉంటుంది.

కడ్డీ ఆరో టోపీతో వచ్చింది. కబాడీవాడు టోపీతో పాటు దాన్నీ నా సంచిలో వేశాడు. "యే భీ ఉసీ కే సాథ్ ఆయా థా చాచా, లే జాఓ," అన్నాడు. రెండూ ఒకే తుక్కులో వచ్చాయట. మూరెడు కన్నా కొంచెం తక్కువ పొడుగు. ఆరు పలకలు. ఒక కొస ఇనుము, తుప్పు పట్టి బరువుగా ఉంది. మిగతాదంతా బూడిద రంగు, ఇనుముకి ఉండాల్సిన బరువు లేదు. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనప కొసకి అంటుకుంది, మిగతాదానికి అంటుకోలేదు. ఏదో మిషను భాగం అనుకున్నాను. ఎమరీ కాగితంతో రుద్దితే వెండిలా తేలింది. ఇనప కొస కిందికి పెడితే నిలబడుతుంది. పై కొసన గుండ్రటి గుంట. మా ఆవిడ ఇత్తడి దీపం అడుగు ఆ గుంటలో సరిగ్గా కూర్చుంది.

"నీ తుక్కులో పనికొచ్చేది ఇదొక్కటే," అంది.

ఈ ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే ఇనుముకి పండగ. ఫ్యాక్టరీల్లో, గరాజుల్లో, ఆటోవాళ్ళ స్టాండుల్లో విగ్రహం పెడతారు. ఇంట్లో ఉన్న ఇనుమంతా కడిగి బొట్టు పెడతాం. సుత్తి, స్పానరు, కత్తిపీట, కుట్టుమిషను, ఇప్పుడు నా టోపీలు కూడా. కొబ్బరికాయ మామూలు రాయి మీద కొట్టం, ఇంట్లో బరువైన ఇనుము ఏది ఉంటే దాని మీద కొడతాం. మునుపు నా పాత సుత్తి మీద కొట్టేవాళ్ళం. కడ్డీ వచ్చాక దాని మీద కొట్టాను. నేలమీద పడుకోబెట్టి, కాలితో కదలకుండా నొక్కిపెట్టి, ఇనప కొస మీద కాయ దించాను. కిందటేడు కొట్టాను, అంతకు ముందేడు కొట్టాను. నిన్న కొట్టాను. నిన్న కాయ మొద్దుగా ఉండి మూడు దెబ్బలకి గాని పగల్లేదు. మూడోసారి కసిగా కొట్టాను. మనవరాలు పక్కన నిలబడి నవ్వుతూ ఫొటోలు తీసింది.

ఆ ఫొటోల వల్లే తెలిసింది. పాత టోపీలు జమచేసేవాళ్ళ గుంపు ఒకటి ఫోనులో ఉంది. నా తరఫున మనవరాలే అందులో రాస్తుంది. పూజ బల్ల ఫొటో పెట్టింది, పూలు చుట్టిన టోపీలు, నడుమ కడ్డీ మీద దీపం. జర్మనీలో ఉన్న ఒక ముసలాయన అది చూసి రాశాడు. టోపీల గురించి ఒక్క మాట లేదు. ఆ కడ్డీ విమానాల్లోంచి గుత్తులు గుత్తులుగా ఊళ్ళ మీద వదిలిన నిప్పుబాంబు, వెనక ఉండాల్సిన రేకు తోక ఊడిపోయింది, ఒళ్ళంతా మెగ్నీషియం, ఇనప కొసకి దెబ్బ తగిలితే అంటుకుంటుంది, పేలిందో లేదో ఫొటోలో తెలియదు, ముట్టుకోకండి, మంట దగ్గర ఉంచకండి, అందరూ బయటికి రండి, పోలీసులని పిలవండి. పక్కన కొత్తదాని బొమ్మ పెట్టాడు. ఆరు పలకలు, ఇనప కొస.

మనవరాలు గుమ్మం దగ్గర నుంచే అదంతా చదివి చెప్పి, ఫోను నా వైపు తిప్పి పట్టుకుంది. బొమ్మ చూశాను, కడ్డీ చూశాను. మెగ్నీషియం అన్న మాట నాకు కొత్త కాదు. పోత ఇనుములో మేం మెగ్నీషియం కలిపేవాళ్ళం. కలిపేటప్పుడు లేచే తెల్లటి వెలుగుని నల్లద్దం లేకుండా చూస్తే కళ్ళు పోతాయి. దాని మీద నీళ్ళు పోస్తే మంట ఇంకా లేస్తుంది, ఇసక ఒక్కటే దిక్కు. ఆ వెలుగు మా గదిలో, మా ఆవిడ మంచానికి మూరెడు దూరంలో లేస్తే ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మా ఆవిడకి మోకాళ్ళు లేవవు. వాకరు పట్టుకుని, ఎవరైనా చెయ్యి వేస్తే, గది దాటడానికే చాలాసేపు పడుతుంది.

"లేయే," అన్నాను. "బయటికెల్దాం."

"ఏటికి?"

చెప్పాను. ఆమె కడ్డీ వైపు చూసింది, దీపం వైపు చూసింది.

"అలగైతే దీపమో?"

"దీపం సంగతి నాను సూత్తాను. ముందు నువ్వు లే."

"ఆర్పీసీవు గాని!" అంది. గొంతు పెరిగింది. "విగ్రహం నదికి ఎల్లకుండా దీపం కొండెక్కకూడదు. కొడుకు డూటీలో ఉన్నాడు. నానెల్లను."

ఆమె భయం ఇవాళ్టిది కాదు. పూజనాడు వెలిగించిన దీపం, మర్నాడు సాయంత్రం ఆటోస్టాండు విగ్రహాన్ని నదికి తీసుకెళ్ళే దాకా వెలుగుతూ ఉండాలి. ఇనుముతో పనిచేసే మగవాళ్ళ పేరు మీద పెట్టే దీపం అది. ఒక ఏడు కిటికీలోంచి గాలి కొట్టి కొండెక్కింది. ఆ వారంలోనే ఆమె తమ్ముడు పనిలో క్రేను మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుం లేవలేదు. మంచం మీదే ఉండిపోయాడు. మా అబ్బాయి టెల్కో వైపు లారీల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, ఆ రోజు రెండు గంటల షిఫ్టుకి వెళ్ళాడు. ఆమె కళ్ళకి దీపం కింద బాంబు కనపడలేదు. దీపం ఆరితే కొడుకు మీద పడబోయేదేదో అదే కనపడింది.

తిట్టాను. బతిమాలాను. ఆమె మంచం కోడు పట్టుకుని కూర్చుంది. పట్టు వదల్లేదు.

"దాదీ, ప్లీజ్," అని మనవరాలు ఏడుపు మొదలెట్టింది.

"నువ్వు లోపలికి రాకు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఎత్తి తీసుకుపోదామంటే నా ఒక్కడి వల్ల కాదు. గింజుకుంటే బల్లకి తగులుతుంది. దీపం ఊది ఆర్పేస్తే ఆమె ఈ జన్మలో నన్ను క్షమించదు. అంతకన్నా నిజం చెప్పాలంటే, మా అబ్బాయికి ఆ రోజు ఏమైనా జరిగితే అన్న ఆలోచన నాకూ వచ్చింది. ముప్పై ఏళ్ళు కొలిమి దగ్గర ఉన్నవాడికి అలాంటివి రాకుండా ఉండవు.

"ఆర్పను. దీపాన్ని ఎలుగుతుండగానే బయటికి తెత్తాను. అప్పుడొత్తావా?" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "ఒట్టు?"

"ఒట్టే, తల్లీ."

పక్కింటివాళ్ళు మేడ కడుతున్నారు, సందులో ఇసక కుప్ప ఉంది. పూజ కాగానే అరమీదికి తిరిగి చేరిన టోపీల్లో చేతికి అందినది తీసుకుని బయటికి వెళ్ళి, దాన్ని తిరగేసి నిండా ఇసక ముంచాను. గడప మీద పెట్టి లోపలికి వచ్చాను. పక్కింటి పెద్దాయన, రైల్వేలో చేసి రిటైరైనవాడు, ఏమైందని అడుగుతూ నా వెనకే వచ్చాడు. మనవరాలు అతనికి హిందీలో చెప్పింది. అతను పారిపోతాడనుకున్నాను. చెప్పులు విడిచి లోపలికి వచ్చి మా ఆవిడ కుర్చీ ఎక్కడుందని అడిగాడు.

నేను బల్ల ముందు నిలబడ్డాను. ఊపిరి గట్టిగా వదిలితే దీపం ఊగుతోంది. రెండు చేతుల వేళ్ళతో ఇత్తడి అంచు పట్టుకున్నాను. వేడిగా ఉంది. మెల్లిగా పైకెత్తాను.

దీపంతో పాటు కడ్డీ కూడా లేచింది.

నిన్నటి నుంచి కారిన నూనె జిడ్డుకి దీపం అడుగు ఆ గుంటలో అతుక్కుపోయింది. కడ్డీ బల్ల మీంచి బెత్తెడు లేచి నా చేతుల్లో వేలాడుతోంది. జారితే ఇనప కొస బల్లకి కొట్టుకుంటుంది. దించాలంటే చేతులు మాట వినడం లేదు. నూనె తొణికి నా బొటనవేలి మీద పడింది. కాలింది. వదల్లేదు. నాకు అప్పుడు ఏడు టోపీలూ గుర్తు లేవు, ముప్పై ఏళ్ళ పనీ గుర్తు లేదు. మూడు దెబ్బలు గుర్తొచ్చాయి. నిన్న నేను కాలితో నొక్కి కొట్టిన మూడు దెబ్బలు.

"దించు మావా," అంది మా ఆవిడ వెనక నుంచి. గొంతు ఇప్పుడు చాలా నెమ్మదిగా ఉంది. "దించీ తిప్పు. లాగకు. జిడ్డుకి అంటుకుంటాది. యేటా నానలగే తీత్తన్నాను. కుడేపుకి తిప్పు."

దించాను. కడ్డీ బల్లకి ఆనింది, చప్పుడు కాలేదు. ఒక చేతి వేళ్ళతో కడ్డీ మెడ పట్టుకుని, రెండో చేత్తో దీపాన్ని కుడివైపు తిప్పాను. కదల్లేదు. మళ్ళీ తిప్పాను. కిర్రుమంది. ఆ కిర్రు దీపంలోదా, కడ్డీలోదా నాకు తెలియలేదు. దీపం ఊడి వచ్చింది. కడ్డీ ఒకసారి అటూ ఇటూ ఊగి నిలబడింది.

దీపాన్ని గడప దగ్గరికి తెచ్చి ఇసక టోపీలో దించాను. మనవరాలు రెండు చేతులా టోపీ ఎత్తుకుని, గాలికి అడ్డంగా ఒంగి సందులోకి నడిచింది. వెలుగుతూనే ఉంది.

"ఇప్పుడెలదాం," అంది మా ఆవిడ.

ఆమెని కుర్చీలోకి మార్చాం. పక్కింటాయన వెనక కాళ్ళు పట్టుకున్నాడు, నేను ముందు కాళ్ళు. గుమ్మం దగ్గర ఆగమంది.

"ఏటే మళ్ళీ?"

"ఒక టోపీ నా నెత్తినెట్టు."

"సచ్చినోళ్ళవన్నావు?"

"సావకండా ఉండడానికే కదా ఆళ్ళూ ఎట్టుకున్నారు. ఎట్టు బేగి!"

ఒకటి తీసి ఆమె తల మీద పెట్టాను. కొప్పు మీద ఒరిగింది. కుర్చీ ఎత్తి బయటికి మోశాం.

సందు చివర పాన్ డబ్బా వాడు ఇదంతా తెలియక, "అరే చాచీ, ఫౌజ్ మే భర్తీ హో గయీ క్యా?" అని నవ్వాడు. మిలటరీలో చేరిపోయావా అని.

"నవ్వరా నవ్వు," అంది మా ఆవిడ. "అది లేసిందంటే నీ డబ్బా కూడా లేత్తాది."

తెలుగు అతనికి అర్థమవుతుంది. ఈ సందులో అందరికీ అర్థమవుతుంది. నవ్వు ఆగిపోయింది. సందు మలుపు తిరిగాక కుర్చీ దించి నేను నా తల తడుముకున్నాను. ఖాళీ. నా తలకి ఒకటి పెట్టుకోవాలని నాకు తట్టనే లేదు.

మనవరాలు ఫోను చేస్తే ఠాణా నుంచి పోలీసులు వచ్చి తాడు కట్టారు. సందంతా ఖాళీ చేయించారు. దాన్ని తీసేవాళ్ళు రాంచీ నుంచి రావాలట. వచ్చేదాకా మేం మలుపు దగ్గర మూసేసిన కొట్టు అరుగు మీద కూర్చున్నాం. గదిలో ఉన్నప్పటికన్నా ఆ కూర్చోవడంలోనే ఎక్కువ భయం. గదిలో చేతికి పని ఉంది. ఇక్కడ చెవులు తప్ప ఏమీ లేవు. సందులో ఎక్కడ గిన్నె పడినా నా ఒళ్ళు ఎగిరింది. మా ఆవిడ ఇసక టోపీని తన కాళ్ళ మధ్య పెట్టుకుని కొంగు అడ్డం పట్టుకుంది. ఇంట్లోంచి నూనె తేలేదని గుర్తొచ్చినప్పుడు పాన్ డబ్బా వాడే ఎక్కడినుంచో చిన్న సీసాతో ఆవనూనె తెచ్చి పోశాడు.

పొద్దు వాలేటప్పుడు ఆటోస్టాండు విగ్రహం డప్పులతో నదికి బయల్దేరింది. మా మలుపు మీదుగానే వెళ్ళింది. డప్పులు దూరమయ్యాక మా ఆవిడ ఒక బంతిపువ్వు రేకలతో ఒత్తిని నూనెలోకి దించింది. దీపం కొండెక్కింది. అప్పుడు ఏడ్చింది, అంతవరకూ ఏడవలేదు.

రాంచీ వాళ్ళు కడ్డీని ఇసక పెట్టెలో పెట్టి తీసుకుపోయారు. వాళ్ళలో పెద్దవాడు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు: లోపల మందు చెడిపోలేదట, పొడిగానే ఉందట. దీన్ని ఎప్పుడైనా గట్టిగా కొట్టారా అని అడిగాడు. లేదన్నాను. అతను నా మొహం చూసి మళ్ళీ అడగలేదు.

టోపీలని వాళ్ళు తీసుకోలేదు. ఏడూ ఉన్నాయి. ఒకదానిలో ఇసక పారబోయలేదు, పారబోయనివ్వను. మేడల మీద కాపలా ఉన్న ఆ కొట్టువాళ్ళూ ముసలివాళ్ళూ చీకట్లో ఆకాశం వైపు చూస్తూ దేనికోసం భయపడ్డారో, దాన్ని నేను ఇంటికి తెచ్చి బొట్టు పెట్టి దాని మీద కొబ్బరికాయ కొట్టాను. ఇప్పుడు పక్కింట్లో ఎవరు కాయ కొట్టినా నేను గది వదిలి బయటికి వెళ్తాను. అయిపోయాక మా ఆవిడ పిలుస్తుంది.

మా అబ్బాయి పది గంటలకి షిఫ్టు దిగి వచ్చాడు. చేతులూ కాళ్ళూ అన్నీ సరిగానే ఉన్నాయి. తల్లి రెండుసార్లు చూసింది.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనవరాలు. చెప్పులు విడిచి లోపలికి వచ్చిన పక్కింటి పెద్దాయన. నవ్విన తర్వాత నూనె తెచ్చిన పాన్ డబ్బా వాడు. తాడు కట్టిన ఠాణా జవాన్లు ఇద్దరు. రాంచీ నుంచి వచ్చిన నలుగురు, వాళ్ళలో నన్ను ప్రశ్న అడిగిన పెద్దవాడు ఒకడు. నేను. తల మీద ఇనప టోపీతో మా ఆవిడ, అన్నం వడ్డించేదాకా అది తియ్యలేదు.